నోరు ఊరుతోందా, ఎండుతోందా?

మందు కొట్టే పనిలో నాకు ఇరవై రెండేళ్లు. పెనుబల్లి చుట్టుపక్కల పత్తి చేలు, మిరప తోటలు, మామిడి తోటలు అన్నీ తిరిగాను. చేతి పంపుతో మొదలుపెట్టి తైవాన్ పంపు దాకా వచ్చాను. పని నేర్పింది మా బాబాయి. గాలికి ఎదురు నడవొద్దు, మందు చేత్తో కలపొద్దు, తాగే నీళ్లు మందు డబ్బాల దగ్గర పెట్టొద్దు అనేవాడు. ఆయన చెప్పని తప్పొకటి నేనే కనిపెట్టాను. నాజిల్‌లో నలక పడితే నోటితో ఊదాను. సాయంత్రం దాకా వాంతులు. అప్పట్నుంచి నా జేబులో చీపురుపుల్ల ఉంటుంది.

మామిడి పూతకి తేనెమంచు పురుగు మందు మరీ కష్టం. పైకి కొట్టిందంతా మన మొహం మీదే రాలుతుంది.

ఓసారి పత్తి చేలో నా జోడీ గట్టున కూలబడ్డాడు. "వడదెబ్బరా" అంటూ మజ్జిగ తెచ్చాం. బాబాయి వచ్చి గ్లాసు లాగేశాడు. వాణ్ణి ముందు నీడకి చేర్చాడు, ఎండలో అందరి కంటిపాపా చిన్నదే కదా. నీడలోనూ వాడిది గుండుసూది మొనంతే ఉంది. పెదవి చివర చొంగ. "వడదెబ్బకి నోరు ఎండుద్దిరా, వీడికి ఊరుతోంది" అన్నాడు. పంపు కారి చొక్కా వీపంతా తడిసి ఉంది. చొక్కా విప్పించి, సబ్బుతో ఒళ్లు కడిగించాడు. ఈలోగా నేను 108కి ఫోన్ చేశాను. ఆసుపత్రిలో అట్రోపిన్ ఎక్కించారు. మనిషి దక్కాడు.

మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ లాంటి పురుగు మందులు నరాల మీద పనిచేస్తాయి. చెమట, కన్నీళ్లు, చొంగ ఆగవు. కండరాలు అదురుతాయి, ఛాతీ పట్టేస్తుంది. కంటిపాప బాగానే ఉందని మాత్రం ధైర్యపడొద్దు. మిగతావాటిలో ఏది కనిపించినా కదలాల్సిందే.

డబ్బా మీది త్రికోణం చూడటం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. ఎరుపంటే అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, నీలం, పచ్చ. అలాగని పచ్చది పాలడబ్బా కాదు.

మన పాత ఖమ్మం జిల్లాలోని పునుకుల రైతులు 2000 తర్వాత ఈ మందులే మానేసి వేప కషాయంతో, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయంతో పత్తి తీశారు. నా కూలికి దెబ్బే అయినా వాళ్లదే తెలివి.

కొత్తగా పంపు ఎత్తే తమ్ముడూ, ఎవరు పడిపోయినా ఖాళీ డబ్బాని ఓ కవర్లో చుట్టి మనిషితోపాటే పంపు. పారాక్వాట్ గడ్డిమందు లోపలికి పోతే అట్రోపిన్ పనికిరాదు, దానికి విరుగుడే లేదు. ఏ మందో తెలియకుండా డాక్టరు మాత్రం ఏం చేస్తాడు?