చాప్‌మను పిలుపు
మా తరగతి ఫుట్‌బాలు జట్టునకు నేను నాయకుఁడనైన నాఁడు నా పిలుపున కొక్క మంచి యాటకాఁడును రాలేదు. ఆ చింతలో నుండఁగా ఇంగ్లండు దేశపు మేనేజరు హెర్బర్టు చాప్‌మను చరిత్రము చదివితిని.

ఆయన యాజమాన్యమున హడర్సుఫీల్డు జట్టు 1924, 1925 సంవత్సరములలో లీగు గెలిచెను. 1925లోనే యాయన ఆర్సెనలు జట్టునకు వచ్చెను. అప్పటికా జట్టు లీగుగాని ఎఫ్. ఏ. కప్పుగాని గెలిచి యెఱుఁగదు. వారమునకు 8 పౌనులకు మించి యే యాటకానికిని జీత మీయరాదని నాఁటి నిబంధన. కావున ధనాశ చూపుటకు వీలు తక్కువ. అయినను బుకను, జాకు, జేమ్సు వంటి మేటి యాటకాండ్రు వచ్చిరి. జేమ్సునకు లండనులో నొక పెద్ద యంగడియందుఁ గొలువు కూడ దొరకెను. కీర్తి యొక్కటియే పని చేసెనని నే ననను. 1930లో హడర్సుఫీల్డునే యోడించి కప్పు గెలిచిరి.

ఆయన గెలిచి పిలిచెను. నేనో, గెలువకయే పిలిచితిని. ఇప్పుడు మిగిలిన పదునొకండ్రమే ప్రతిసాయంకాలమును ఆడుచున్నాము. ఇంకను గెలువలేదు.