వాటాలోని కాపురము

ఉప్పల్, నాచారము ప్రాంతములలో నొక్క యింట రెండు మూడు వాటాలుండుట సామాన్యము. సొంతయింట నున్నవారు “వీధిగుమ్మము దాటగనే మొదటి గదికి రండు” అని చెప్పవచ్చును. వారే యింకొకరి మేడమీది వాటాకు మారి, చుట్టములకు ఆ పాతమాటనే చెప్పినచో వారు ఇంటియజమానుని పడకటింటిలోనికి పోవుదురు. వెబ్‌సైట్లలో జరుగు నొక చిక్కు సరిగా నిట్టిదే. కంప్యూటరు ముచ్చట మనకేల యని సోదరీమణులు పుట త్రిప్పవలదు. బిడ్డల ఫీజులు, హాల్‌టిక్కెట్లు, దరఖాస్తులు నేడందుండియే కదా నడచుచున్నవి.

మా వీధిలో రవికెలు కుట్టి జీవించు నొకామె కుమార్తెకు ఉప్పల్‌లోని యొక పాఠశాలలో ప్రవేశము కావలసి యుండెను. దరఖాస్తునకు ఆనాడే కడపటి దినము. మా యింటి కంప్యూటరులో మొదటి పుట తెరచుకొనెను. “దరఖాస్తు” అను మాటను నొక్కగనే “పుట లేదు” అని వచ్చెను. మా వారు చిరునామాలో జారిపోయిన ముక్కను చేతితో చేర్చగా పత్రము కనబడెను. పిల్ల యంతయు నింపి పంపుమీటను నొక్కెను, మరల “పుట లేదు.” ఫోను చేసితిమి. “మాకు బాగుగనే తెరచుకొనుచున్నదమ్మా” అనిరి. ఆ మాట యబద్ధము కాదు. వారి కార్యాలయములో ఆ అప్లికేషను సొంతయింట నున్నది. బయటివారికి మాత్రము పాఠశాల వెబ్‌సైటులో “/ప్రవేశము” అను వాటాలో నున్నది. ఆ తల్లి కుట్టుపని విడిచి, బస్సెక్కి పోయి, కాగితముమీద వ్రాసి యిచ్చి వచ్చినది.

కిటుకంతయు నొక వాలుగీతలో నున్నది. లింకు “/దరఖాస్తు” అని గీతతో మొదలైనచో బ్రౌజరు దానిని వెబ్‌సైటు వీధిగుమ్మమునుండి లెక్కించును. నడుమనున్న వాటాపేరు జారిపోవును. గీత లేక “దరఖాస్తు” అనియే యున్నచో, ఇప్పుడున్న పుటనుండి లెక్కించును. ఇందును నొక మెలిక కలదు: ఇప్పటి చిరునామా “/ప్రవేశము/” అని గీతతో ముగిసినచో “/ప్రవేశము/దరఖాస్తు” అగును, ఆ చివరి గీత లేనిచో వాటాపేరే పోయి “/దరఖాస్తు” మిగులును. 2005 జనవరిలో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 3986 అను పత్రమునందలి నియమ మిదియే గనుక బ్రౌజరును నిందించి లాభము లేదు.

పైథాన్ భాషలో అప్లికేషన్లు వ్రాయువారికై 2003లో పి.ఇ.పి. 333 అను పత్రమును, 2010లో దాని సవరణయగు 3333ను వచ్చినవి. అందు వాటావరకు గల భాగమునకు స్క్రిప్ట్ నేమ్ అనియు, లోపలి గదికి పాత్ ఇన్ఫో అనియు పేర్లు. అంతకు పూర్వపు సి.జి.ఐ. పద్ధతినుండి తెచ్చుకొన్న పేర్లే. అప్లికేషను తన ప్రతి లింకునకును ముందు స్క్రిప్ట్ నేమును చేర్చి పలుకవలెను. సొంతయింట నున్నపుడు ఆ ముక్క శూన్యము. బాలవ్యాకరణము చదివినవారి కిది సంధికార్యమువలె తోచును: రెండు గీతలు కూడరాదు, ఉన్న యొక్కటియు లోపింపరాదు. ముందున్న సర్వరు వాటాపేరును త్రుంచి లోనికి పంపునపుడు ఆ పేరేదో అప్లికేషనునకు వేరుగ తెలుపవలెను. ఆ పాఠశాలవారు మరచిన దదియే. లాగిన్ కుకీలకును వాటాపేరు పెట్టనిచో, ప్రక్కవాటాలోని అప్లికేషను అదే పేరుగల తన కుకీతో వానిని చెరపివేయగలదు. అది వేరొక తలనొప్పి.

మా వారు ఈ సంగతి నాలుగు పంక్తులలో వ్రాసి పంపిరి. మూడవనాడు సరిచేసిరి. మా వీధి పిల్లకు సీటు దొరకినది. ఆ కడపటి దినమున దూరపు టూళ్లనుండి “పుట లేదు” అను మాట చూచి ఊరకున్న తల్లు లెందరో, వారి దరఖాస్తులను మరల తీసికొనిరో లేదో యని యడిగితిమి. ఇంతవరకు ప్రత్యుత్తరము రాలేదు.