కుడితి పోయింది, మోరి వచ్చింది

మా ఇంట్లో నీళ్లకు మూడు పేర్లుండేవి. తాగే నీళ్లు, వాడుక నీళ్లు, కుడితి. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు అన్నీ వాకిట్లో గోళెంలోకి పోయేవి. పొద్దుగూకే సరికి బర్రె తాగేసేది. తానం చేసిన నీళ్లు జాలారు బండ మీంచి పెరట్లోకి పారేవి. అక్కడ ఒక బచ్చలి పాదు, రెండు అరటి చెట్లు. వాటికి నీళ్లు పోయాలని ఎవరైనా ప్రత్యేకంగా బిందె ఎత్తడం నేనైతే చూడలేదు.

ఎత్తే ఓపిక ఎవరికుంది లెండి! మాది మునుగోడు దగ్గర ఊరు. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ దాటితే ఆ నీళ్లు తాగొద్దంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మా దిక్కు ఏళ్ల తరబడి అంతకు మించిన బోరు నీళ్లే తాగారు. మా నాయినమ్మకు నడుం వంగదు. వెనక నుంచి పిలిస్తే మెడ తిప్పదు, మనిషంతా తిరుగుతుంది. నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కి దించే ఒక పద్ధతి ఉంది. నాగపూర్‌లోని నీరి సంస్థ తయారు చేసిన ఆ పద్ధతి పేరు 'నల్గొండ టెక్నిక్'. ఆఫ్రికా దేశాల్లో కూడా వాడారు. మా జిల్లాకు అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది ఇట్లా.

2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేశారు, ఆ తర్వాత కొన్నేళ్లకు మిషన్ భగీరథ నల్లా మా ఇంట్లోకి వచ్చింది. పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు ఇవ్వాలన్నది లెక్క. బిగుసుకుపోయిన కీళ్లు మళ్లీ మెత్తబడవు గానీ, ఇంటి ముందటికి కృష్ణా నీళ్లు రావడం నాయినమ్మకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. అయితే అదే టైంలో బర్రెను అమ్మేశాం, కొత్త బాత్రూం కట్టుకున్నాం, పైపు తీసుకెళ్లి మోరిలో కలిపాం. కుడితి గోళెం బోర్లా పడింది. బచ్చలి ఎండిపోయింది.

మోరి వాలు మా పక్కింటి పెద్దమ్మ గడప దగ్గర ఆగిపోతుంది. మా సబ్బు నురగంతా అక్కడే నిలిచేది. పోయిన ఏడాది వాళ్ల మనవరాలికి డెంగీ వచ్చింది. అప్పటి నుంచి మాటల్లేవు. డెంగీ దోమ ఎక్కువగా శుభ్రమైన నీళ్లలోనే గుడ్లు పెడుతుందని నాకు తెలుసు. కానీ మనింటి మురికి వాళ్ల వాకిట్లో పెట్టుకుని ఆ సైన్సు ఎట్లా చెప్తాం?

ఒక వారం బకెట్లు పెట్టి కొలిచాను. నలుగురం. తానాలకు 120 లీటర్లు, గిన్నెలకు 40, రోజు మార్చి రోజు ఉతికే బట్టలకు సగటున 50. రోజుకు రమారమి 210 లీటర్లు. అంటే నల్లా లెక్కలో సగానికి పైగా పెద్దమ్మ గడపకే పోతోంది.

బాత్రూం పైపును పెరటి దిక్కు తిప్పడానికి మేస్త్రీకి ఒక పూట పట్టింది. పాత డ్రమ్ములో అడుగున కంకర, పైన గులకరాళ్లు, ఆపైన ఇసుక. అక్కడి నుంచి నీళ్లు మెట్టతామర మొక్కల గుండా అరటి, బొప్పాయి, మునగ పాదుల్లోకి జారిపోతాయి. మోటరు లేదు, మోసేది లేదు. నాయినమ్మ కుర్చీ వేసుకుని కర్రతో కాలువ చూపిస్తుంది. గిన్నెల నీళ్లదే పెద్ద తలనొప్పి. నూనె, మెతుకులు ఇసుకను మూసేస్తాయి. ముందు బట్టలో వడగట్టాలి, ఆ బట్టను రోజూ దులపాలి. ఆ పని నాదే.

బట్టల నీళ్లలో మొదటి తడవ నీళ్లు చెట్లకు పోనీయం. వాషింగ్ పౌడర్లలో సోడియం ఎక్కువ. రోజూ పోస్తే ఎర్ర చెలక కూడా చౌడులా బిగుసుకుంటుంది. కుంకుడుకాయలు, బూడిద ఉన్న కాలంలో ఈ గొడవ లేదు. జాడించిన నీళ్లు ఫర్వాలేదు. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనాలకు ఏ వాడిన నీళ్లూ వద్దు. డ్రమ్ములో ఒక రోజుకు మించి నిలవ పెట్టినా కంపే. ఇంకోటి, మన దిక్కు ఇంటింటా ఆర్వో మిషన్ ఉంటుంది కదా, అది వదిలేసే నీళ్లు తేటగా కనిపిస్తాయి గానీ ఉప్పులు, ఫ్లోరైడ్ అందులోనే చిక్కబడతాయి. వాటితో ఇల్లు తుడుచుకోండి, మొక్కలకు మాత్రం పోయకండి.

అసలు పోరు అమ్మతో. మొదటి అరటి గెల దిగిన రోజు, "మైల నీళ్లతోటి పెరిగిన పండ్లు దేవుని ముందట పెడ్తవా?" అంది. నాయినమ్మ కుర్చీలోంచే, "మరి ఇన్నేండ్లు నువ్వు తిన్న బచ్చలి పప్పు యాడి నీళ్లదే?" అంది. అమ్మ మాట్లాడలేదు. గెలలో సగం మేం తిన్నాం. మిగతా సగం ఊళ్లో పంచాం. దేవునికి మాత్రం అమ్మ ఇప్పటికీ సంతలోనే కొంటుంది. నేనూ వాదించను.

పెద్దమ్మ ఇంటికి ఒక అత్తం పంపితే తీసుకుంది, తిరిగి ఏమీ అనలేదు. ఇప్పుడు వానలు మొదలయ్యాయి, పాదులు నిండే ఉన్నాయి. అందుకే నీళ్లను ఇంకుడు గుంతకు మళ్లించే వాల్వు ఒకటి పెట్టించాం. ఆ గుంత ఎక్కడ తవ్వాలన్న దగ్గర మాత్రం ఆగింది. వీలైన జాగా మా రెండిళ్ల మధ్య గోడ కిందే ఉంది. పెద్దమ్మను అడగాలి.