పెళ్ళికి పనికిరాని రికార్డు

ఘంటసాల మాస్టారి భగవద్గీత అనగానే ఈ సంచిక చదివే విద్యార్థి మిత్రుల్లో చాలామందికి ఒకే దృశ్యం కళ్ళముందు కదులుతుంది. వీధిలో షామియానా, అద్దెకు తెచ్చిన కుర్చీలు, తలలు వంచుకుని కూర్చున్న బంధువులు. ఆ గొంతు వినపడగానే "ఎవరు?" అని అడిగేవాళ్ళే గాని "ఏమిటి?" అని అడిగేవాళ్ళు కనపడరు. పాటను బట్టి చావును పోల్చుకునే అలవాటు మనకెప్పుడో పడిపోయింది. అయితే ఆ రికార్డు కొత్తగా వచ్చినప్పుడు దాన్ని విన్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అప్పుడది చావుపాట కాదు. ఒక పెద్ద గాయకుడి కొత్త రికార్డు. ఆ సంగతి చెప్పడానికి నాలాంటివాళ్ళు ఇంకా కొద్దిమంది మిగిలి ఉండగానే చెప్పేస్తే మంచిదని ఈ నాలుగు మాటలు.

మాది పిడుగురాళ్ల. ఇప్పుడు పల్నాడు జిల్లా అంటున్నారు గాని 2022 దాకా గుంటూరు జిల్లాయే. సున్నపు బట్టీల ఊరు. చెట్ల ఆకుల మీద, గేదెల వీపుల మీద, మనుషుల కనుబొమల మీద కూడా తెల్లగా సున్నపు దుమ్ము ఉండేది. మా నాన్న ఒక బట్టీలో కాటా దగ్గర గుమాస్తా. నా చిన్నప్పుడు గుంటూరు నించి మాచర్లకు మీటరు గేజి బండి నడిచేది. ఊళ్ళో మాకున్న వినోదమల్లా ఆ బండి కూతా, సినిమా హాలూ, మైకు సెట్టు సాయిబు గారి కొట్టూను.

సాయిబు గారు ఘంటసాల భక్తుడు. భక్తుడన్న మాట ఊరికే వాడటంలేదు. ఆయన కొట్లో రికార్డులు రెండు పెట్టెల్లో ఉండేవి. ఒక పెట్టెలో ఘంటసాల, రెండో పెట్టెలో మిగతా ప్రపంచం. 1951 నాటి పాతాళభైరవి నించి 1957 నాటి మాయాబజార్ దాకా ఏ పాట ఏ పక్కన ఉందో చీకట్లో తడిమి చెప్పేవాడు. మన గుంటూరు జిల్లా కొమ్మూరులో పుట్టిన కరుణశ్రీ గారి పుష్పవిలాపం పెట్టినప్పుడు కొట్లో ఎవరూ బీడీ ముట్టించకూడదు. అది ఆయన పెట్టిన రూలు. బడి వదలగానే నేను ఆ కొట్టు అరుగెక్కేవాణ్ణి. నాకు సంగీతం వచ్చిందల్లా అక్కడే. వచ్చిందంటే పాడటం కాదు సుమా, వినడం.

1970 దాటేసరికి ఊళ్ళో కుర్రకారు రెండు పార్టీలైంది. 1966లో సినిమాల్లోకొచ్చిన బాలసుబ్రహ్మణ్యం గారి గొంతు కొత్త వెన్నలా ఉండేది. రామకృష్ణ గారు కూడా అప్పుడప్పుడే పైకొస్తున్నారు. "మీ ఘంటసాల పని అయిపోయిందిరా" అనేవాళ్ళు మా తరగతిలో కొందరు. 1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో కచేరీ చేస్తూండగా మాస్టారికి గుండెనొప్పి వచ్చిందన్న వార్త తెలిసినప్పుడు వాళ్ళే ముందుగా నోరు మూశారు. అభిమానుల పోట్లాటలు అట్లాగే ఉంటాయి. మనిషి బాగున్నంత కాలమే వాటికి బలం.

1974 ఫిబ్రవరి 11న మద్రాసులో ఘంటసాల మాస్టారు పోయారు. 51 ఏళ్ళే. ఆ రాత్రి సాయిబు గారు ఎవరూ అడక్కుండానే, ఎవరి దగ్గరా పైసా తీసుకోకుండానే కొట్టుముందు మైకు కట్టి చాలా పొద్దుపోయేదాకా పాటలు వేశాడు. విషాద గీతాలు కాదు, అన్నీ హుషారు పాటలే. ఎవరో అడిగితే, "ఏడుపు పాటలు ఆయన ఉన్నప్పుడే ఏసినాం గదా, ఇప్పుడెందుకు?" అన్నాడు.

ఆ ఏడాదే ఆ రికార్డు మా ఊరు చేరింది. గుండె జబ్బు, చక్కెర జబ్బు రెండూ పీడిస్తుండగా మాస్టారు పట్టుబట్టి పాడిన భగవద్గీత. సాయిబు గారు ప్రత్యేకంగా గుంటూరు పోయి తెచ్చాడు. కొత్త రికార్డు వచ్చింది గాని పాడిన మనిషి లేడు. అరుగు మీద పదిహేను మందిమి కూర్చున్నాం.

అప్పటిదాకా మాకు తెలిసినవి ఎక్కువగా 78 వేగపు రికార్డులు. ఒక పక్క మూడు నిమిషాలు వస్తే ఎక్కువ. పాట అందుకునేలోపల అయిపోయేది, లేచి తిప్పాలి. ఇది ఎల్పీ. నిమిషానికి 33 చుట్లు, ఒక్క పక్కే ఇరవై నిమిషాల పైచిలుకు. ముల్లు ఒకసారి పెడితే ఇక మనిషితో పనిలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరవాత పనికొస్తుంది.

విన్నాక మొదట ఎవరూ మాట్లాడలేదు. తరవాత ఒకాయన, "ఏందయ్యా ఇది, పాటేదీ? శ్లోకం పాడతాడు, మళ్ళీ వచనం చెబుతాడు" అన్నాడు. ఇంకొకాయన, "సినిమాలో కృష్ణుడికి పద్యమెత్తుకుంటే హాలు పైకప్పు లేచిపోయేది, అదెక్కడ?" అన్నాడు. సాయిబు గారికి వచ్చిన చిక్కు వేరు. రికార్డుకి డబ్బు పోశాడు. "పెళ్ళికి పనికిరాదు, సమర్తకి పనికిరాదు, ఎలక్షన్లకి అసలే పనికిరాదు. దీన్నేం జేసుకోను?" అని తల గోక్కున్నాడు. అలా అంటూనే రెండో పక్క తిప్పి పెట్టాడు.

నిజం చెప్పాలంటే గొంతులో పూర్వపు జోరు లేదు. 1953లో దేవదాసుకి పాడిన గొంతూ, పౌరాణికాల్లో రామారావు గారి కృష్ణుడికి పద్యాలు పాడిన గొంతూ విన్నవాళ్ళకు ఆ తేడా తెలియకపోదు. పైస్థాయికి పోవలసినచోట పోతాడు గాని అక్కడ నిలబడి మనకేసి చూసి నవ్వడు. సంగతులు తగ్గించుకున్నాడు. అభిమానిని గనక దాన్ని కప్పిపుచ్చను. కాని తగ్గించుకున్నచోట ఇంకొకటి పెరిగింది. ఏడువందల శ్లోకాల్లోంచి నూరు పైచిలుకు ఏరుకుని, శ్లోకాన్ని రాగంలో పాడి, వెంటనే దాని అర్థాన్ని మామూలు తెలుగులో చెప్పాడు. ఆ చెప్పడంలో పురాణం పంతులు గారి దీర్ఘాలు లేవు. మన ఎదురుగా కూర్చుని మన మొహం చూస్తూ చెబుతున్నట్టుంటుంది. విజయనగరంలో జోలెపట్టి మధూకరం తెచ్చుకుని సంగీతం నేర్చుకున్న మనిషి, 1942 ఉద్యమంలో జైలుకి పోయొచ్చిన మనిషి. కష్టం సంగతి తెలిసినవాడు ధైర్యం చెబితే ఎలా ఉంటుందో ఆ వచనం అలా ఉంది. బట్టీలో రాయి మోసే కూలీకి సంస్కృతం రాదు. ఆ తెలుగు మాత్రం ముక్క వదలకుండా అర్థమయ్యేది.

పల్నాటివాళ్ళకు ఇది అర్థం కావడానికి ఇంకో కారణం ఉంది. కారెంపూడి మాకు ఎంతో దూరం లేదు. అన్నదమ్ములు రెండు పక్కలా నిలబడి నరుక్కున్న నేల అది. ఏటా కార్తీకంలో వీరుల గుడి దగ్గర ఉత్సవం జరుగుతుంది. బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు మాకు కథలో మనుషులు కారు, పక్కింటివాళ్ళతో సమానం. దాయాదుల మీద ఆయుధమెత్తాల్సి వచ్చినవాడు విల్లు కింద పడేశాడంటే, అందులో వేదాంతం తరవాత, ముందు ఆ బాధ మాకు తెలుసు.

ఇక మా ఇంటి సంగతి. 1977లో మా నాన్న పని పోయింది. తూకాల్లో తేడా వచ్చిందని ఆయన మీద పెట్టారు. ఆ తేడా ఎవరిదో ఊరందరికీ తెలుసు, చెప్పినవాడు లేడు. ఇంట్లో ఐదుగురం. నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఒకరోజు కాదు, నెల దాటింది. గడ్డం పెరిగింది. ఎవరొచ్చినా మాట్లాడడు. అమ్మ ముందు దేవుళ్ళకు మొక్కింది, తరవాత తిట్టింది, ఆ తరవాత అదీ మానేసింది.

ఒక సాయంత్రం సాయిబు గారు రికార్డు ప్లేయరు సంకనబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. పరామర్శ మాటలేవీ లేవు. "అన్నా, ఇది కొట్లో ఊరికే పడుంది. ఎవరూ అడగటంలా. మూలబడితే చెడిపోద్ది, రోజూ ఒకసారి తిప్పుతుండు" అన్నాడు. మిషను పెట్టి పోయాడు. రోజూ తిప్పే పని నాది. నాన్న గోడవైపు తిరిగే విన్నాడు. వారం గడిచాక ఒక పొద్దున రికార్డు ఆఖరికి వచ్చి ముల్లు గీరుతుంటే, "ఒరే, తిప్పరా" అన్నాడు. నెల రోజులకు ఆయన నోట వచ్చిన మొదటి మాట అది.

రికార్డు విన్నందుకు ఉద్యోగం వచ్చిందని నేను చెప్పను. ఆయన లేచాడు, గడ్డం గీసుకున్నాడు, చొక్కా వేసుకుని బయటికి పోయాడు. అంతే. ఆ తరవాత గుంటూరు మిరపకాయల కొట్లలో పని దొరకడానికి మరో మూడు నెలలు పట్టింది. కాని ఆ మూడు నెలలూ ఆయన నడుస్తూ తిరిగాడు, పడుకుని లేడు.

మరి అటువంటి రికార్డు చావుపాట ఎట్లా అయింది? నా లెక్క ఇది. 1980 తరవాత క్యాసెట్లు వచ్చాయి. ముందు గుళ్ళలో, తెల్లవారుజామున వేశారు. తరవాత చావు ఇళ్ళకు పాకింది. అక్కడ సినిమా పాట వేయకూడదు, మాటిమాటికీ రికార్డు తిప్పే మనిషి ఉండడు, గంభీరంగా ఉండాలి, చాలాసేపు దానంతటదే మోగాలి. ఇన్ని అమరిన సరుకు ఇంకొకటి లేదు. పెళ్ళికి పనికిరాదని సాయిబు గారు బాధపడ్డారు గదా, ఆ పనికిరానితనమే దాన్ని రెండో వైపుకి నెట్టింది. ఇప్పుడు శవాన్ని తీసుకుపోయే బండికే స్పీకర్లు బిగించి వస్తున్నాయి.

ఇందులో నాకున్న అభ్యంతరం ఒక్కటే. గీత చచ్చినవాడికి చెప్పింది కాదు. బతికి, చేతులాడక, చతికిలబడ్డవాడికి చెప్పింది. వినవలసినవాడు రథంలో కూర్చుని ఉన్నాడు, పాడె మీద లేడు.

2009లో మా నాన్న పోయాడు. అంతకు ఏడాది ముందే ఒకసారి నాతో, "నేను పోయినప్పుడు అది పెట్టించొద్దురా. బతికుండగా విన్నాను, నాకు చాలు" అన్నాడు. ఆ రోజు మా బాబాయిలు మైకు తెప్పించారు. నేను వద్దన్నాను. "కొడుకు గీత కూడా పెట్టనియ్యలేదని ఊరంతా అనుకోదా?" అన్నాడు చిన్నబాబాయి. అనుకున్నారు కూడా. ఇప్పటికీ కొందరు నన్నొక నాస్తికుడి కిందే లెక్కగడతారు. నిశ్శబ్దంగా తీసుకుపోయాం. అమ్మ మాత్రం నన్నేమీ అడగలేదు. పదమూడో రోజు సాయంత్రం చుట్టాలంతా వెళ్ళాక, "ఒకసారి పెట్టరా, నేను వింటాను" అంది. పెట్టాను. ఆమె గోడకానుకుని కూర్చుని ఆఖరుదాకా విని, లేచి పొయ్యి వెలిగించింది.

మిత్రులారా, మీకు పరీక్షలున్నాయి, ఉద్యోగాల బెంగలున్నాయి, చెప్పుకోలేనివి ఇంకా ఏవేవో ఉంటాయి. గోడవైపు తిరిగి పడుకోవాలనిపించే రోజు అందరికీ వస్తుంది. ఆ రోజు, దేవుడి మీద నమ్మకం ఉన్నా లేకపోయినా ఫరవాలేదు, ఆ పెద్దాయన ఆఖరి రికార్డు ఒకసారి పెట్టుకుని వినండి. పాట కోసం కాదు, మధ్యలో ఆయన చెప్పే మాట కోసం. ఇప్పుడు రికార్డూ అక్కర్లేదు, ముల్లూ అక్కర్లేదు, మీ ఫోన్లలోనే ఉంది. కాకపోతే తలుపు దగ్గరగా వేసుకోండి. లేకపోతే పక్క గదివాళ్ళు పరామర్శకు వస్తారు.