గ్రేస్ గీసిన గీతలు

కంప్యూటర్ ఆటల్లో అన్నిటికన్నా కష్టమైన పజిల్ ఏదంటే పాత ఆటగాళ్ళు ఇప్పటికీ పిల్లి వెంట్రుకల మీసం కథే చెబుతారు. 1999లో వచ్చిన 'గాబ్రియెల్ నైట్ 3'లోది అది. హీరో గాబ్రియెల్‌కి మోటార్‌సైకిల్ అద్దెకి కావాలి. అదేమో మోజ్లీ అనే స్నేహితుడి పేరు మీద రిజర్వయి ఉంది. అందుకని షెడ్డు తలుపు కన్నానికి టేపు అంటించి, పిల్లి మీద నీళ్ళు చల్లి, అది పారిపోతుంటే టేపుకి అంటుకున్న వెంట్రుకల్ని తీపి పాకంతో పెదవి మీద అతికించుకుని మోజ్లీ వేషం కడతాడు. మోజ్లీకి అసలు మీసమే లేదు! అందుకని పాస్‌పోర్టులో అతని ఫోటోకి కూడా మీసం గీయాలి.

2001లో న్యూజెర్సీలో మా ఇంటికి శని, ఆదివారాలు మా ఆయన స్నేహితులొచ్చి ఈ ఆట ఆడేవారు. మీసం దగ్గర పడీ పడీ నవ్వారు. నేను వంటింట్లో పెసరట్లు పోస్తూ వింటున్నాను. వరంగల్‌లో ఎమ్మెస్సీ లెక్కలు చదివి, హెచ్-4 వీసా మీద వెళ్ళినదాన్ని. ఉద్యోగం చెయ్యకూడదు. (2015లో మాలాంటి వాళ్ళలో కొందరికి అనుమతిచ్చారు. నాకు అప్పటికే ఆలస్యమైపోయింది.)

వాళ్ళు 'పాము పద్యం' దగ్గర ఆగిపోయారు. "బోరు వదినా, ఇది ఆట కాదు, హోంవర్కు" అని వదిలేశారు. సోమవారం మా ఆయన ఆఫీసుకెళ్ళాక నేను కూర్చున్నాను.

ఫ్రాన్స్‌లో రెన్-ల-షాతో అనే నిజమైన ఊరి చుట్టూ నడిచే కథ ఇది. 'ల సెర్పాఁ రూజ్', అంటే ఎర్ర పాము, కూడా నిజంగా ఉన్నదే. 1967లో పారిస్ జాతీయ గ్రంథాలయంలో చేరిన వింత పుస్తకం. పదమూడు రాశుల పేర్లతో పదమూడు ఖండికలుంటాయి. ఆటలో గాబ్రియెల్ సహాయకురాలు గ్రేస్ నకమురా ఒక్కో ఖండిక చదువుకుని, కొండల్లో తిరిగి, కంప్యూటర్‌లో ఆ ప్రాంతం మ్యాపు మీద చుక్కలు పెడుతుంది. చుక్కల నుంచి వృత్తం, వృత్తం చుట్టూ చతురస్రం, అందులో చదరంగం గడులు, చివరికి ఆరు కోణాల నక్షత్రం. ఒక గీత తప్పితే తర్వాతి ఖండిక అర్థం కాదు. సరుకుల చీటీలు రాసే నోట్‌బుక్‌లో గీసుకుంటూ పదకొండు రోజులు చేశాను. వృత్తం కుదిరిన మధ్యాహ్నం అన్నం తినడం మర్చిపోయాను. నాకు లెక్కలొచ్చని నాకే గుర్తు చేసిన మధ్యాహ్నం అది.

మీసం పజిల్ కష్టమైనదంటే నేనొప్పుకోను. అందులో ఆలోచించడానికేముంది? తయారుచేసినవాడికి ఆ రోజు ఏం తోచిందో ఊహించాలి, అంతే. అలాంటి ఊహలు కోడళ్ళకి బాగా అలవాటే. ఎర్ర పాము అలా కాదు. ముందు తన నియమాలు నేర్పుతుంది, తర్వాత పరీక్ష పెడుతుంది. కష్టమంటే అదీ. ఆట రాసిన జేన్ జెన్సెన్, మీసం ఆలోచన తనది కాదని తర్వాత చెప్పారు. తిట్లు మాత్రం ఆమె ఖాతాలోనే పడ్డాయి. గ్రేస్ గీతల్ని తలుచుకునేవాళ్ళు తక్కువ.

మళ్ళీ శనివారం మా ఆయన నా నోట్‌బుక్ చూస్తూ ఆ గీతలన్నీ వాళ్ళ ముందు గీశాడు. "ఎలా పట్టావురా!" అన్నారు. "కూర్చుంటే వస్తుంది" అన్నాడు. నేను కాఫీ గ్లాసులు తీసుకెళ్ళి అక్కడే నిలబడ్డాను. నా వైపు చూడలేదు. నోట్‌బుక్ మాత్రం మూసి నా చేతికిచ్చాడు, సరుకుల చీటీ అందులోనే ఉంది కదా మరి.

ఆట చివర, గ్రేస్ కనిపెట్టిన చోటికి గాబ్రియెల్ దిగి గెలిచి తిరిగొస్తాడు. గది ఖాళీగా ఉంటుంది. గ్రేస్ ఉత్తరం రాసిపెట్టి వెళ్ళిపోయింది. స్నేహితులకి కోపమొచ్చింది. "ఇంత చేసి అలా వెళ్ళిపోవడమేంటి, అర్థం ఉందా?" అన్నాడొకడు. "నాలుగో భాగంలో తిరిగొస్తుందిలే" అన్నాడు మా ఆయన.

నాలుగో భాగం రాలేదు.