అటక మీద మహావీరులు

గాల్లో ఎగిరే హీరోని చూడాలంటే ఇప్పుడు మల్టీప్లెక్సుకి టికెట్ కొనాలి. అదే కనిగిరి వైపు కొన్ని ఇళ్లలో అయితే, అటక మీది ట్రంకుపెట్టె దించితే చాలు. మాంత్రికులు, రాకుమారులు, శవాన్ని భుజాన వేసుకుని నడిచే రాజు... అంతా అందులోనే కొలువుంటారు. కాకపోతే ఆ పెట్టె దించే తీరికే ఎవరికీ ఉండటం లేదు!

పేరులోనే గిరి ఉన్న ఊరు కనిగిరి. కనకగిరే కాలక్రమంలో కనిగిరి అయిందంటారు స్థానికులు. ఊరి పక్కన కొండ, దానిమీద పాత దుర్గం ఆనవాళ్లు. చుట్టూ మెట్ట పొలాలు. వాన పడితేనే పంట. కంది, సజ్జ, మిరప, పొగాకు... ఏది వేసినా ఆకాశం వైపు చూడాల్సిందే. భూమిలోపలి నీళ్లను నమ్ముకుందామంటే ఫ్లోరైడ్ బెడద. పళ్లమీద గార, వయసు రాకముందే మోకాళ్ల నొప్పులు ఇక్కడి పల్లెలకు కొత్త కాదు. అందుకే వానలు ముఖం చాటేసిన ఏడు మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు, బెంగళూరు బస్సెక్కేవాళ్లెందరో!

అలా వెళ్లేటప్పుడు గిన్నెలు పట్టుకెళ్తారు. దుప్పట్లు పట్టుకెళ్తారు. పుస్తకాల పెట్టె మాత్రం ఇంట్లోనే ఉండిపోతుంది. తలుపుకి తాళం పడుతుంది. లోపల చందమామలు, బాలమిత్రలు, బొమ్మరిల్లులు, అమర చిత్ర కథలు ఒకదానిమీద ఒకటి పడుకుని ఎదురుచూస్తుంటాయి... ఎప్పుడో వేసవి సెలవులకు వచ్చే మనవడి కోసం.

ఆ మనవడు వస్తాడు. కరెంటు పోతుంది. ఫోన్లో చార్జింగ్ అయిపోతుంది. అప్పుడు దిగుతుంది పెట్టె.

''తాతా, ఈ కత్తి పట్టుకున్నాయన బ్యాట్‌మ్యానా?''

''కాదురా అబ్బాయ్, విక్రమార్కుడు!''

''రాత్రిళ్లే తిరుగుతాడా?''

''అర్ధరాత్రి, అదీ శ్మశానంలో. నీ బ్యాట్‌మ్యాన్‌కి కారుంది. ఈయనకి అదీ లేదు.''

తాతామనవళ్ల ఈ ముచ్చట్లో చిన్న చరిత్రే ఉంది.

తొలి తెర... తెల్లబట్ట

సినిమా రాకముందే ఈ ప్రాంతానికి తెర తెలుసు. నెల్లూరు, ప్రకాశం, గుంటూరు పల్లెల్లో తోలుబొమ్మలాట ఆడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. రెండు గుంజల మధ్య తెల్లబట్ట, వెనక ఆముదం దీపాలు. మేకతోలును పలచగా గీకి, రంగులద్ది, నగలున్నచోటల్లా సన్నటి రంధ్రాలు పొడిచి చేసిన బొమ్మలు. ఆంధ్ర తోలుబొమ్మలు కొన్ని మనిషెత్తు ఉంటాయి. సన్నివేశాన్ని బట్టి ఒకే పాత్రకు వేర్వేరు బొమ్మలు వాడతారు. లంకలోకి అడుగుపెట్టే హనుమంతుడు వేరు, లంకను కాల్చే హనుమంతుడు వేరు. బొమ్మను తెరకు దగ్గరగా తెచ్చి, దూరంగా జరిపి, గిరగిరా తిప్పితే చాలు... ఆంజనేయుడు సముద్రం దాటేసేవాడు. మధ్యమధ్యలో కేతిగాడు, జుట్టుపోలిగాడు వచ్చి నవ్వించేవారు.

బొమ్మల కథ, ఎగిరే హీరో, చీకట్లో వెలుగుతున్న తెర... కామిక్ పుస్తకం, సూపర్‌హీరో సినిమా కలిస్తే ఎలా ఉంటుందో అదే కదా ఇది! ఇప్పుడు ఆడించేవాళ్లు తగ్గిపోయారు. ఆ చేతులే లాంతరు తొడుగులు, గోడకు తగిలించే బొమ్మలు చేస్తున్నాయి. అనంతపురం వైపు నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ రావడం ఈ కళకు దక్కిన ఊరట.

ఒకే ఆవరణలో కథా, సినిమా

1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కనిగిరి నెల్లూరు జిల్లాలోది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా మద్రాసే రాజధాని. కాబట్టి ఇక్కడివాళ్లకు పట్నం అంటే చాలాకాలం చెన్నపట్నమే. కథలు వచ్చింది కూడా అటునుంచే.

1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి కలిసి మద్రాసులో 'చందమామ' మొదలుపెట్టారు. నాగిరెడ్డిది కడప జిల్లా. చక్రపాణిది తెనాలి ప్రాంతం. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా పత్రికను నడిపించిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. మిరప, పత్తి పండే నేల నుంచి వెళ్లినవాళ్లు దేశంలోని పిల్లలకు కథలు పండించారన్నమాట!

విశేషమేమిటంటే అదే నాగిరెడ్డి, చక్రపాణి 'విజయా' సంస్థ పేరుతో సినిమాలూ తీశారు. 1951లో 'పాతాళభైరవి', 1957లో 'మాయాబజార్'. తోటమాలి కొడుకు మాంత్రికుణ్ని ఎదిరించడం, ఘటోత్కచుడు పెరగడం, తరగడం, రూపం మార్చడం... పత్రికలో చదివి ఊహించుకున్న లోకాన్నే మార్కస్ బార్‌ట్లే కెమెరా కళ్లముందు నిలబెట్టింది. అమెరికాలో కామిక్ పుస్తకం పుట్టిన తర్వాత ఎవరో కొనుక్కుని సినిమా తీశారు. మన దగ్గర పుస్తకం అచ్చేసినవాళ్లే సినిమా కూడా తీశారు. అందుకే తెలుగు పిల్లలకు ఆ రెండూ వేరని ఎప్పుడూ అనిపించలేదు.

చందమామ బొమ్మలదీ అలాంటి మహిమే. వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు, ఎంటీవీ ఆచార్య భారత వీరులు, 'చిత్రా' గీసిన రాక్షసులు, శంకర్ గీసిన బేతాళుడు. 2020లో 97వ ఏట కన్నుమూసిన శంకర్, విక్రమార్కుడి బొమ్మతో కొన్ని తరాలకు భయమూ ధైర్యమూ ఒకేసారి నేర్పారు. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన 'తోకచుక్క', 'ముగ్గురు మాంత్రికులు', 'పాతాళదుర్గం' లాంటి సీరియళ్ల కోసం నెలంతా వేళ్లు లెక్కపెట్టుకున్నవాళ్లెందరో!

కనిగిరి పిల్లలకు ఇందులో ఇంకో వెసులుబాటు ఉంది. కథలో దుర్గం అని ఉంటే తలెత్తి చూస్తే సరి, ఎదురుగా కొండమీద దుర్గం. గుహ అని ఉంటే సి.ఎస్.పురం మండలంలో భైరవకోన. వెలిగొండల ఒడిలో, కొండను తొలిచి మలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కనే జలపాతం. కార్తీకమాసంలో ఇంటిల్లిపాదీ వెళ్లొచ్చాక చందమామ తెరిస్తే, మాంత్రికుడి గుహ ఎక్కడుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

అంజన్న వరం

1938లో అమెరికాలో 'యాక్షన్ కామిక్స్' తొలి సంచికతో సూపర్‌మ్యాన్ పుట్టాడు. వేరే గ్రహం నుంచి వచ్చినవాడు కాబట్టి అతనికి బలం. 1980లో తెలుగులోనూ 'సూపర్‌మేన్' వచ్చింది. మధుసూదనరావు దర్శకుడు, ఎన్టీఆర్ హీరో. మనవాడికి బలం ఎక్కణ్నుంచి వచ్చింది? ఆంజనేయుడి అనుగ్రహం వల్ల! పేరు అమెరికాది, ప్రాణం మాత్రం తోలుబొమ్మలాటది.

ఆ తర్వాత డబ్బింగుల కాలం. 2007లో 'స్పైడర్‌మ్యాన్ 3' తెలుగు మాటలతోనూ విడుదలైంది. 2018లో 'ఇన్ఫినిటీ వార్'లో థానోస్‌కు రానా గొంతు అరువిచ్చాడు. పండక్కి కొనే చొక్కామీద సాలెగూడు, స్కూలు బ్యాగుమీద ఇనుప మనిషి... పల్లెకీ పట్నానికీ తేడా లేకుండా పోయింది. ఒకప్పుడు మెడకు తువ్వాలు కట్టుకుని అరుగుమీంచి దూకిన పిల్లలు, ఇప్పుడు మణికట్టు తిప్పి దారం వదిలినట్టు నటించడం మొదలెట్టారు.

సరిగ్గా అప్పుడు, 2024 సంక్రాంతికి ప్రశాంత్ వర్మ 'హను-మాన్' వచ్చింది. అంజనాద్రి అనే పల్లె, అల్లరి చిల్లరగా తిరిగే కుర్రాడు, నీళ్లడుగున దొరికిన మణి, దాంట్లో హనుమంతుడి శక్తి. 1980 నాటి వరం నలభై నాలుగేళ్ల తర్వాత మళ్లీ ఫలించింది. నగరాన్ని కాపాడే హీరో బదులు, సొంత ఊరికోసం నిలబడే హీరో. వలసలతో సగం ఖాళీ అయిన పల్లెల్లో పిల్లలకు అలాంటివాడు దగ్గరివాడిగా అనిపించడంలో ఆశ్చర్యమేముంది?

సినిమా పుస్తకాన్ని మింగేసిందని పెద్దలు విసుక్కుంటారు. నిజం సగమే. 'బాహుబలి' తీసిన రాజమౌళి, చిన్నప్పుడు చదివిన అమర చిత్ర కథల ప్రభావం తనమీద ఉందని చాలాసార్లు చెప్పారు. 1967లో అనంత్ పై మొదలుపెట్టిన ఆ బొమ్మల పుస్తకాలు పిల్లాడి చేతిలోంచి వెండితెరకు ఎక్కాయి. మరి తెరమీంచి పిల్లాడు మళ్లీ పుస్తకం దగ్గరకు రావాలంటే? ఇంట్లో పుస్తకం ఉండాలి కదా!

కిలోల లెక్క, కోట్ల లెక్క

పాతరోజుల్లో పుస్తకాలు దాచడానికో పద్ధతి ఉండేది. పన్నెండు నెలల సంచికలు పేర్చి బైండింగుకి ఇచ్చేవారు. దారంతో కుట్టి, మైదా ఉడికించిన జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి, అట్ట అంటించి, వీపుకి గుడ్డ వేసేవారు. దానివల్లే ఎన్నో సంపుటాలు ఈనాటికీ బతికున్నాయి. చిన్న లోపం... అంచులు సమానంగా ఉండాలని చుట్టూ కోసేసేవారు. కొన్నిసార్లు ముఖచిత్రాలు, ప్రకటనల పేజీలు తీసేసేవారు. ఇప్పుడు సేకరణ చేసేవాళ్లు వెతికేది సరిగ్గా వాటికోసమే!

ఈ వెతుకులాటలో తమాషాలూ ఉన్నాయి. 1999లో చాలా నెలల చందమామలు ఎంత గాలించినా దొరకవు. పోయి కాదు... 1998లో ఆగిన పత్రిక 1999 డిసెంబరులోగానీ మళ్లీ మొదలవలేదు. తర్వాత 2007లో చేతులు మారి, 2010ల మొదట్లో అచ్చు పూర్తిగా ఆగిపోయింది. అంటే ఉన్న కాపీలే ఉన్నట్టు, కొత్తవి రావు. అభిమానులు పాత సంచికలను స్కాన్ చేసి పంచుకోవడం వల్ల కథలైతే దక్కాయి. దాసరి సీరియళ్లు కొన్ని పుస్తకాలుగానూ వచ్చాయి.

పది సెంట్లకు అమ్మిన సూపర్‌మ్యాన్ తొలి సంచిక 2024 ఏప్రిల్‌లో వేలంలో 60 లక్షల డాలర్లు పలికింది. ఎందుకంత? రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో పాత కాగితం సేకరించినప్పుడు కామిక్కులు కుప్పలుగా గుజ్జయిపోయాయి. మిగిలినవి కొద్ది కాబట్టే ఆ ధర. మనదగ్గర యుద్ధం అక్కర్లేకపోయింది. ఇల్లు సర్దేటప్పుడు పాతపేపర్లవాడి త్రాసు చాలు. వేలంలో కోట్లు పలకకపోవచ్చుగానీ, విక్రమార్కుడు బజ్జీల పొట్లమై పోవడం చూస్తే మనసు చివుక్కుమంటుంది.

కనిగిరి ఎండకు మరో ఇబ్బంది. న్యూస్‌ప్రింట్ కాగితంలో సహజంగా ఉండే ఆమ్లం వేడికి దాన్ని పసుపుగా మార్చి, పెళుసు చేస్తుంది. పట్టుకుంటే ముక్కలవుతుంది. పిన్నులు తుప్పు పడతాయి. తాళం వేసిన ఇంట్లో చెదలకు అడ్డేముంది?

జాగ్రత్తలు పెద్ద కష్టమేం కాదు. పెట్టెను నేలమీద కాకుండా, గోడకు ఆనకుండా ఇటుకలమీద పెట్టాలి. తుప్పు పిన్నులు తీసి దారంతో కుట్టాలి. చిరిగినచోట సెలోటేపు అంటించకూడదు, నాలుగేళ్లకు అదే గోధుమరంగు మరకవుతుంది. లామినేషన్ అసలే వద్దు. ఎండిన వేపాకు వేసి, ఉతికిన నూలుగుడ్డలో చుట్టి, ఏడాదికోసారి నీడపట్టున ఆరబెట్టాలి. తాళపత్రాలను మన పెద్దలు కాపాడింది ఇలా గుడ్డలో చుట్టే.

అన్నిటికంటే ముందు, పెట్టె దించాలి. సంక్రాంతికో, వేసవికో ఊరికొచ్చినప్పుడు.

దించితే పైనున్న సంచిక తొలి పేజీలో ఏదో రాసి కనిపిస్తుంది. సిరాపెన్నుతో గుండ్రటి అక్షరాల్లో తాత పేరు, 'తీసుకున్నవారు తిరిగి ఇవ్వవలెను' అన్న హెచ్చరిక. దానికింద నీలం బాల్‌పెన్నుతో నాన్న పేరు, తరగతి, సెక్షను. ఆ కింద కాస్త ఖాళీ. సెలవులకొచ్చిన పిల్లాడు అది చూసి ఊరుకుంటాడా? పెన్సిల్ కోసం ఇల్లంతా వెతుకుతాడు!