ఎన్ని సెకన్లు నిలబడింది?

కొత్తగా బిగించిన కంప్యూటర్ వెలిగి ఆరిపోతోందని ఎవరైనా ఫోన్ చేస్తే నేను ముందుగా అడిగేది ఒకటే: "ఎన్ని సెకన్లు నిలబడింది?" బోర్డు ఏ కంపెనీది, ఎంతకు కొన్నారు, ఎవరు బిగించారు అన్నవన్నీ ఆ తర్వాత. చాలామంది "వెంటనే ఆరిపోతోందండీ" అంటారు. ఆ వెంటనే ఎంతసేపో గడియారం పెట్టి చూడమంటాను. అర సెకనా, నాలుగు సెకన్లా, అర నిమిషమా? సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

జగదల్‌పూర్‌లో ఉంటే ఈ అలవాటు దానంతటదే వస్తుంది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అయితే అనుమానమున్న పార్టు తీసేసి, పక్క కొట్లోంచి ఇంకోటి తెచ్చి పెట్టి చూస్తారు. ఇక్కడ ఆ వెసులుబాటు తక్కువ. రాయ్‌పూర్ మూడు వందల కిలోమీటర్లు, విశాఖా ఇంచుమించు అంతే. అరకు మీదుగా విశాఖ వెళ్లే రైలు మార్గం 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకు చేర్చడానికి వేసినది. ఘాట్లన్నీ దిగి ఆ దారిన వెళ్లి ఒక మదర్‌బోర్డు మార్చుకు రావడం చిన్న పని కాదు.    మా చుట్టాలు భద్రాచలం నుంచి కోంటా, సుక్మా మీదుగా బస్సులో వస్తుంటారు. కంప్యూటర్ సామాన్లూ వాళ్ల ఒళ్లోనే వస్తాయి.

మా మేనల్లుడి కంప్యూటర్ అలా వచ్చిందే. రాత్రంతా కూర్చుని తనే బిగించుకున్నాడు. బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి, లైట్లు వెలిగాయి, అంతలోనే ఆరిపోయాయి. "మావయ్యా, ఎస్‌ఎంపీఎస్ పోయింది, వాపసు పంపేద్దాం" అన్నాడు, కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టెను ఉద్దేశించి. వాడి గొంతులో నిస్పృహ నాకు బాగా తెలుసు. కూడబెట్టిన డబ్బు పెట్టి కొన్న వస్తువు మొదటి రోజే మొండికేస్తే కుర్రవాడి మనసు ఎంత చివుక్కుమంటుందో దుకాణదారులు కూడా ఎరగాలి.

సెకన్లు లెక్కపెట్టమన్నాను. ప్రతిసారీ నాలుగు దాటగానే ఆగిపోతోంది. ఆ అంకె వినగానే నా ధ్యాస ఎస్‌ఎంపీఎస్ మీంచి పోయి ముందున్న బటన్ మీద పడింది. డెస్క్‌టాప్ కంప్యూటర్లను సాధారణంగా, పవర్ బటన్‌ను నాలుగు సెకన్లకు పైగా నొక్కి పట్టుకుంటే, లోపల ఏం జరుగుతున్నా సరే, ఆరిపోయేలా తయారుచేస్తారు. బటన్ లోపలికి దిగి పైకి రాకపోతే యంత్రానికి అది ఎవరో వేలు పెట్టి నొక్కుతున్నట్టే. క్యాబినెట్ నుంచి బోర్డుకు వచ్చే ఆ రెండు సన్నని వైర్లను ఊడదీయించి, వాటి కింద ఉన్న రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతో క్షణం పాటు కలపమన్నాను. యంత్రం వెలిగింది. వెలిగి, అలాగే ఉంది. బస్సు ప్రయాణంలో క్యాబినెట్ ముందు పలక నొక్కుకుపోయి బటన్ ఇరుక్కుంది, అంతే. పలక విప్పి సరిచేస్తే తీరిపోయింది. ఎస్‌ఎంపీఎస్‌ను వాపసు పంపి ఉంటే రెండోది కూడా నాలుగు సెకన్లకే ఆగేది.

అర సెకనులోపే ఆరిపోయే యంత్రం కథ వేరు. బటన్ నొక్కగానే ఎస్‌ఎంపీఎస్ తను పంపే 12, 5, 3.3 వోల్టుల సరఫరాలు సరిగ్గా ఉన్నాయో లేదో తనే చూసుకుంటుంది. అర సెకనులోపు అంతా బాగుందని బోర్డుకు సంకేతం ఇస్తుంది. ఎక్కడైనా షార్ట్ కనిపిస్తే ఆ సంకేతం ఇవ్వకుండానే ఆపేస్తుంది. ఇలాంటప్పుడు బోర్డు కింద చూడాలి. క్యాబినెట్‌కు బోర్డు తగలకుండా ఎత్తుగా నిలపడానికి ఇత్తడి స్టాండాఫ్‌లు బిగిస్తారు. బోర్డులో రంధ్రం లేని చోట ఒకటి మిగిలిపోతే అది వెనకవైపు టంకం చుక్కలను తాకుతుంది. ఇది కళ్లకు కనబడదు, బోర్డు పైకెత్తితేనే తెలుస్తుంది. అందుకే బోర్డును బయటికి తీసి, దాని అట్టపెట్టె మీద పెట్టి, ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్ మాత్రమే ఉంచి వెలిగించి చూడాలి. అక్కడ నిలబడితే దోషం క్యాబినెట్‌ది. చేయి పెట్టేముందు ప్లగ్గు పీకి, ఒకసారి బటన్ నొక్కడం మరవకూడదు. ఆపేసినట్టు కనిపించే యంత్రంలో కూడా ఒక 5 వోల్టుల సరఫరా పారుతూనే ఉంటుంది.

కాసేపు నడిచి ఆగితే వేడిని అనుమానించాలి. కూలర్ అడుగున అంటించి వచ్చే ప్లాస్టిక్ పొర తీయకుండానే బిగించేవాళ్లు ఉన్నారు. నాలుగు మూలల్లో ఒక మూల పిన్ను దిగకపోయినా వేడి పైకి చేరదు. ప్రాసెసర్ నూరు డిగ్రీల చుట్టుపక్కలకు వచ్చేసరికి వేగం తగ్గించుకుంటుంది, ఇంకా పెరిగితే తనను తాను కాపాడుకోవడానికి ఆపేయిస్తుంది. డీడీఆర్5 ర్యామ్ ఉన్న యంత్రాల విషయంలో మాత్రం తొందరపడకండి. మొదటిసారి ర్యామ్‌ను సర్దుకునేటప్పుడు తెర నల్లగా ఉండి, ఒకటి రెండుసార్లు ఆగి మళ్లీ లేవడం మామూలే. కొన్ని నిమిషాలు ఆగాలి.

మేనల్లుడి యంత్రం పగలంతా బాగా నడిచింది. సాయంత్రం దీపాల వేళకు మళ్లీ ఆరిపోయింది. ఈసారి సెకన్లకు లెక్క కుదరలేదు, ఒకసారి పావుగంట, ఒకసారి రెండు నిమిషాలు. ఒక తీరు లేకుండా ఆగుతోందంటే గోడలోని ప్లగ్గును చూడాలని నా అనుభవం. మల్టీమీటర్ పెడితే 230 ఉండాల్సిన చోట 170 దగ్గర ఊగుతోంది. లైను పొడుగు, దాని మీద అందరూ ఒకేసారి వేసుకునే మోటార్లు, ఫ్రిజ్‌లు. ఎస్‌ఎంపీఎస్ తనకు కావలసిన వోల్టేజీ అందక చేతులెత్తేస్తోంది. స్టెబిలైజర్ పెట్టాక నిలబడింది. ఇంతకన్నా నన్ను బాధపెట్టింది ఇంకొకటి ఉంది. ఆ ఇంట్లో ఎర్త్ పనిచేయడం లేదు. క్యాబినెట్ ముట్టుకుంటే చురుక్కుమంటోందని వాడు చెప్పేదాకా ఎవరూ పట్టించుకోలేదు. ఎర్త్ గొయ్యిలో బొగ్గు, ఉప్పు వేసి సరిచేయడం ఎలక్ట్రీషియన్‌కు కొన్ని గంటల పనే, ఎండాకాలం నీళ్లు పోసి తడిగా ఉంచుకోవాలి. పిల్లవాడి ప్రాణం ఆ గొయ్యి మీదే ఆధారపడి ఉంటుంది.

కంప్యూటర్ బిగించుకునే పిల్లలకు డబ్బిచ్చే పెద్దలు గ్రాఫిక్స్ కార్డుకు ఇచ్చే ముందు ఎర్త్‌కూ స్టెబిలైజర్‌కూ ఇవ్వండి. జగదల్‌పూర్‌లో, దంతెవాడలో, సుక్మాలో దుకాణాలు నడిపేవారికి ఒక విన్నపం: పనిచేస్తున్నదని తెలిసిన ఒక పాత ఎస్‌ఎంపీఎస్‌ను, ఒక ర్యామ్‌ను పరీక్ష కోసం పక్కన పెట్టి ఉంచండి. అడిగిన కుర్రాడికి పావుగంట అరువివ్వండి.